తొమ్మిదో వాటా

హోటల్ ఉద్యోగాల్లోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "మీ రోజుల్లో జీతాలెంత ఉండేవి మేడమ్?" చెప్పగానే నవ్వుతారు. నవ్వనివ్వండి. మేమూ అప్పట్లో నవ్వుకునేవాళ్ళమే, కాకపోతే ఓనరు పక్కగదిలోకి వెళ్ళాక.

పెళ్ళయిన కొత్తలో తాడేపల్లిగూడెంలోని ఒక లాడ్జిలో టెలిఫోన్ ఎత్తే పనికి చేరాను. తర్వాత ఏలూరులో ఒక పెద్ద హోటల్లో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరునయ్యాను. గదులు ఊడ్పించడం, పక్కలు వేయించడం, దుప్పట్లు, తువ్వాళ్ళు లెక్కచూసుకోవడం, పనివాళ్ళ మీద కేకలేయడం నా పని. కేకలేయడంలో నాకు మంచి పేరుండేది. ఆ హోటల్ నుంచే రిటైరయ్యాను గానీ సూపర్‌వైజరుగా మాత్రం కాదు. అదెలా జరిగిందో మీకు చెప్పాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాను.

ముందు గూడెం సంగతి. ఆ లాడ్జిలో దిగేవాళ్ళు ఎక్కువగా ఉల్లిపాయల వ్యాపారులు. గదులు తుడిచే కుర్రాళ్ళకు జీతమంటూ పెద్దగా ఉండేది కాదు. రెండుపూటలా భోజనం, మెట్ల కింద పడుకోవడానికి చోటు, వ్యాపారి గది ఖాళీ చేసేటప్పుడు చేతిలో పెట్టే చిల్లర, అంతే. సబ్బుల ఖర్చు మీద, కరెంటు బిల్లు మీద మా ఓనరుకి ఉన్న దిగులు మనుషుల మీద ఉండేది కాదు. ఒకసారి ఎవరో సిగరెట్టుతో పరుపుకి చిల్లు పెడితే నెల్లాళ్ళు బాధపడ్డాడు. ఆ నెలలోనే గదులు తుడిచే అతను ఒకడు మానేస్తే పేరు కూడా అడగలేదు. "మనిషి పోతే మనిషొస్తాడమ్మా. పరుపు పోతే డబ్బెట్టి కొనాలి" అనేవాడు. అది పాపమని ఆయనకీ తోచలేదు, నిజం చెప్పాలంటే నాకూ తోచలేదు. అప్పుడు లోకమే అలా ఉండేది.

కొల్లేరు చుట్టుపక్కల, పెదపాడు వైపు వరిచేలు చేపల చెరువులుగా మారడం మొదలయ్యాక ఆ లెక్క తప్పింది. చెరువులో చేపలు పట్టే రోజున వల లాగడానికి వెళితే ఒక్క పూటలో వచ్చే కూలి, మా లాడ్జిలో ఎన్నాళ్ళు ఊడ్చినా వచ్చేది కాదు. చేపల పట్టుబడి ఉందంటే చాలు, తెల్లారేసరికి మా కుర్రాళ్ళు ఒక్కరూ ఉండేవారు కాదు. ఒకరోజు గత్యంతరం లేక మా ఓనరే లుంగీ ఎగ్గట్టి తడిగుడ్డ పట్టుకున్నాడు. నేల తుడిచేవాళ్ళు వెనక్కి నడుస్తారు. ఆయన ముందుకు నడిచాడు. తుడిచినంత మేరా ఆయన పాదాల గుర్తులే. మరుసటి నెల నుంచి మా కుర్రాళ్ళకు జీతాలు మొదలయ్యాయి. ఆ పాదాల గుర్తుల వల్లే మొదలయ్యాయని ఇప్పటికీ నా నమ్మకం.

ఆ తర్వాత వారానికో సెలవు, షిఫ్టులు, పీఎఫ్, ఈఎస్ఐ ఒక్కొక్కటే వచ్చాయి. ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి మనుషుల్ని తెచ్చిపెట్టే కాంట్రాక్టు కంపెనీలూ వచ్చాయి. నేను ఏలూరు హోటల్లో కుదురుకునే నాటికి మనుషుల ఖర్చు కరెంటు బిల్లుని దాటి పైకెక్కి కూర్చుంది. ఒకప్పుడు పరుపు గురించి ఏడ్చినట్టే ఓనర్లందరూ ఇప్పుడు మనుషుల గురించి ఏడవడం మొదలుపెట్టారు. మనిషికి విలువ పెరిగింది కదా అని సంతోషించాలో, ఖర్చు కింద జమకట్టారని బాధపడాలో నాకు తెలిసేది కాదు.

ఏలూరు హోటల్లో గదులు చూసుకునేవాళ్ళు ఎనిమిది మంది ఆడవాళ్ళు. ఎనిమిది మందిదీ కొల్లేటిలోని ఒకటే లంక గ్రామం. ఒకప్పుడు పడవెక్కితే తప్ప వెళ్ళలేని ఊరు, ఇప్పుడు రోడ్డు పడింది. పొద్దున్నే ఒకే ఆటోలో ఇరుక్కుని వచ్చేవారు. మొదట ఒకావిడ చేరి, నెమ్మదిగా మిగిలిన ఏడుగురినీ తెచ్చుకుంది. ముందు నడిచేదీ మాట్లాడేదీ ఆవిడే కాబట్టి ఆవిడకి నేను మేస్త్రమ్మ అని పేరు పెట్టాను. వాళ్ళలో ఒకామె బాగా పెద్దావిడ, మోకాళ్ళు పట్టేసి మెట్లెక్కలేకపోయేది. అందుకని ఆమెను కింద తువ్వాళ్ళ గదిలో కూర్చోబెట్టాను. ఇంకొకామె పసిబిడ్డ తల్లి. బిడ్డను అత్తగారి దగ్గర వదిలి వచ్చేది, సాయంత్రమయ్యేసరికి ఆటో కోసం గేటు వైపే చూస్తూ ఉండేది.

తువ్వాళ్ళ గదిలోనే ఒక మూల కుట్టు మిషను ఉండేది. దాని వెనక మా టైలరుగారు. ఏలూరులో పాత ముస్లిం కుటుంబం, తండ్రి నాటి నుంచీ అదే పని. కర్టెన్లు, చిరిగిన దుప్పట్లు, పనివాళ్ళ యూనిఫాం జాకెట్లు అన్నీ ఆయన చేతి మీదుగానే వెళ్ళేవి. మాట మెత్తన, చురక గట్టి.

పెద్ద దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి. చెరొక కొసా పట్టుకుని, విదిలించి, ఒకరికొకరు ఎదురు నడవాలి. ఎవరికి జత తక్కువైతే వాళ్ళకి నేను వెళ్ళి రెండో కొస పట్టుకునేదాన్ని. సూపర్‌వైజరు అలా పట్టుకోకూడదని ఒక మేనేజరు నాకు చెప్పాడు కూడా. నాకు ఖాళీగా నిలబడడం చేతకాక పట్టుకునేదాన్ని, అంతకుమించి అందులో నా గొప్పేమీ లేదు.

ఒక ఏడాది హోటల్ దెబ్బతింది. ఊరి చుట్టూ కొత్త ఫంక్షన్ హాళ్ళు లేచాయి, మా హాలుకి బుకింగులు తగ్గాయి. మా ఓనరుగారికి చింతలపూడి దగ్గర పామాయిల్ తోట ఉండేది, అక్కడ గెలలు కోసే మనుషులు దొరక్క ఆ దిగులొకటి. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మేనల్లుణ్ణి రప్పించి ఖర్చులు చూడమన్నారు. కుర్రవాడు మర్యాదస్తుడు, ఏ మాటా గట్టిగా అనడు. ల్యాప్‌టాప్ మాత్రం ఒక్క క్షణం మూయడు.

"మేడమ్, మన గదులకి ఆరుగురు చాలు. ఇద్దర్ని తగ్గించాలి" అన్నాడు.

"ఎవర్నండీ?"

"మెట్లెక్కలేని ఆవిడొకరు. చంటిపిల్లుందని త్వరగా వెళ్తున్న ఆవిడొకరు. మీకేమైనా అభ్యంతరమా?"

అభ్యంతరం చెప్పాను. గట్టిగానే చెప్పాను. ఆయన వినయంగా విన్నాడు, అంకె మాత్రం మారలేదు.

ఆ మధ్యాహ్నం తువ్వాళ్ళ గదిలో అందరినీ నిలబెట్టి సంగతి చెప్పాను. పెద్దావిడ చేతిలోని తువ్వాలు మడత పూర్తిచేసి దొంతర మీద పెట్టింది. పసిబిడ్డ తల్లి నేల చూపులు చూసింది. చివరికి మేస్త్రమ్మ, "మేం మాట్లాడుకుని చెప్తామండి" అంది.

"మాట్లాడుకోవడానికేముందమ్మా, పేర్లు కూడా చెప్పేశారు."

"మీరు చెప్పాల్సింది మీరు చెప్పారు కదండి. మాదీ ఒక మాటుంటాదండి" అని బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు ఆటోలోంచి ఆరుగురే దిగారు. పెద్దావిడ ఉంది. పసిబిడ్డ తల్లీ ఉంది. రానిది ఇద్దరు దిట్టమైన పనిమంతులు. మానేసి వెళ్ళిపోయారేమో అనుకున్నాను. "వాళ్ళిద్దరూ ఏరీ?" అంటే మేస్త్రమ్మ, "ఇంటికాడ ఉన్నారండి. రేపు వత్తారు" అంది. మర్నాడు ఆ ఇద్దరూ వచ్చారు, ఇంకో ఇద్దరు రాలేదు. ఆ మర్నాడు మేస్త్రమ్మే రాలేదు. అప్పటికి గానీ నా మట్టిబుర్రకి వెలగలేదు. ఆవిడ వచ్చాక పక్కకి పిలిచి అడిగాను.

"అవునండి. ఆరుగురు చాలన్నారు కదండి, ఆరుగురమే వత్తాం. వంతులేసుకున్నాం. ఆరుగురి జీతం ఎనిమిది వాటాలు చేసుకుంటామండి."

"అలా అయితే మీ అందరికీ తగ్గిపోతుందే!"

"తగ్గుద్దండి. ఇద్దరికి అసలే లేకుండా పోవడం కన్నా అందరికీ కూసింత తగ్గడం నయం కదండి."

"మీలో ఎవరూ కాదనలేదా?"

ఆవిడ నన్ను వింతగా చూసింది. "మా ఊరి చెరువు పట్టుబడైతే గడపకో వాటా ఇత్తారండి. వల లాగినోడికీ వాటానే, మంచంలో ఉన్నోడికీ వాటానే."

"మంచంలో ఉన్నవాడికి ఎందుకమ్మా?"

"రేపు మంచంలో ఎవరుంటారో తెలవదు కదండీ" అంది, ఇది కూడా తెలియదా అన్నట్టు.

నేను పెంటపాడు దగ్గర వరి పొలాలున్న ఇంట్లో పుట్టినదాన్ని. మా పెదనాన్నా, మా నాన్నా ఒక గట్టు విషయంలో మాట పట్టింపు పడి, ఒకే వీధిలో ఉంటూ ఏళ్ళ తరబడి పలకరించుకోలేదు. ఆ గట్టు మీద ఇద్దరు మనుషులు పక్కపక్కన నడవలేరు, అంత సన్నం. పంచుకోవడమంటే అదే నాకు తెలిసింది. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆ ఎనిమిది మంది ఒక ఆటోలో ఊరు చేరేలోగా, దెబ్బలాట లేకుండా, కాగితం లేకుండా, పెద్దమనిషి లేకుండా అంత పెద్ద సంగతి తేల్చుకోవడం తలుచుకుంటే నాకు ఆశ్చర్యమేసింది. అబద్ధమెందుకు, కొంచెం సిగ్గు కూడా వేసింది.

మేనల్లుడికి సంగతి చెబితే ముందు నమ్మలేదు. "ఎవరో ఆరుగురిని ఖాయం చేయండి మేడమ్, రోజుకొకరంటే పద్ధతి కాదు" అన్నాడు. ఓనరుగారు మాత్రం పెద్దగా నవ్వారు. "ఆరుగురి ఖర్చే కదరా. ఎవరొస్తే మనకేంటి? గది శుభ్రంగా ఉందా లేదా?" అన్నారు. గదులు ఎప్పటిలాగే ఉన్నాయి. కాదు, ఎప్పటికన్నా బాగున్నాయి. పెద్దావిడ వంతు వచ్చిన రోజున మెట్ల పని మిగతావాళ్ళు చూసేవారు, ఆమె మడతలన్నీ చూసేది. పసిబిడ్డ తల్లిని చీకటి పడకముందే పంపేసేవారు. ఈ రోజు ఎవరి వంతో ఎవరూ రాసుకోలేదు, ఒక్కసారి కూడా తేడా రాలేదు. పెళ్ళిళ్ళ రోజుల్లో ఎనిమిది మందినీ పిలిపించి అదనపు రోజుకి కూలి ఇప్పించేదాన్ని. అదొక్కటే నేను చేయగలిగింది.

ఇక నా నోటి దురద సంగతి వినండి.

ఒకరోజు ఓనరుగారి స్నేహితుడు, ఆయనదీ ఎక్కడో లాడ్జి ఉంది, మా హోటల్ చూడ్డానికి వచ్చాడు. పనివాళ్ళతో పడలేక చస్తున్నానని ఏకరువు పెట్టాడు. నాకు పూనకం వచ్చింది. మా లంక ఆడవాళ్ళ గురించి మొదలుపెట్టి, వంతులూ వాటాలూ అన్నీ వర్ణించి, చివర్లో ఊపులో, "నేను నెల్లాళ్ళు రాకపోయినా ఇక్కడ ఒక్క దుప్పటి మడత చెడదండి!" అనేశాను. అందరూ మెచ్చుకున్నారు. మేనల్లుడు కూడా తలాడించాడు. ఆ తలాడించడం వేరే రకమని నాకు తర్వాత తెలిసింది.

టైలరుగారికి ఈ సంగతి చెబితే మిషను తొక్కడం ఆపేశారు.

"అంత బాగా పొగడకూడదండీ మేడంగారూ. వెనక నేనూ ఒకసారి అన్నానండి, ఈ మిషను ఎవరైనా తొక్కచ్చు, ఇదేం పెద్ద విద్యా అని. ఆ మర్నాటి నుంచి నెల జీతం మనిషిని కాస్తా పిలిస్తే వచ్చే మనిషినయ్యాను."

ఆయన అన్నట్టే అయింది. నెల తిరక్కుండా మేనల్లుడు నన్ను పిలిచి, కుర్చీ వేయించి, కాఫీ తెప్పించాడు. కాఫీ తెప్పించగానే నాకు అర్థమైంది. మా హోటల్లో మంచి కబురుకి ఎవరూ కాఫీ ఇవ్వరు.

"మీరే చెప్పారు కదా మేడమ్, వాళ్ళే నడుపుకుంటున్నారని. ఇంక ఆ విభాగంలో అన్నిటికన్నా పెద్ద జీతం మీదే. ఈ నెలాఖరు దాకా..."

మిగతా మాటలు నాకు వినపడలేదు. ఇన్నేళ్ళూ ఎందరి గురించో ఖర్చు, ఖర్చు అని విన్నాను, నేనూ ఒక ఖర్చునేనని ఆ రోజు తెలిసింది. జీతం పోతే ఎలాగోలా బతుకుతాం. మా ఆయనకి అంతకుముందే గుండె ఆపరేషన్ అయింది. నెలనెలా మందులు, పరీక్షలు అన్నీ నా ఈఎస్ఐ కార్డు మీదే జరిగేవి. ఉద్యోగం మధ్యలో పోతే ఆ కార్డూ పోతుంది, రిటైరయ్యేదాకా చేస్తే ఆ తర్వాతా నడుస్తుంది. నా వయసు ఆడదానికి ఏలూరులో ఇంకో హోటల్ ఉద్యోగం ఇస్తుందా? రిటైర్‌మెంటుకి ఇంకా దూరం ఉంది. ఆ మందులు బయట కొనే తాహతు మాకు లేదు. కాఫీ గ్లాసు అలాగే పట్టుకుని కూర్చున్నాను, అది చల్లారిపోయింది.

ఎవరికీ చెప్పలేదు. కానీ హోటల్లో గదులకి తాళాలుంటాయి గానీ మాటలకి ఉండవు. మర్నాడు తువ్వాళ్ళ గదిలోకి అడుగుపెడితే ఎనిమిది మందీ ఉన్నారు. ఆరుగురు యూనిఫాంలో, వంతు లేని ఇద్దరు ఇంటి చీరల్లో. టైలరుగారు మాకు చోటివ్వడానికి బయటికి లేచి వెళ్ళారు.

"మీరెక్కడికీ వెళ్ళక్కర్లేదండి" అంది మేస్త్రమ్మ. "తొమ్మిది వాటాలు చేత్తాం."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆవిడ నెమ్మదిగా విడమరిచింది. సూపర్‌వైజరు ఉద్యోగం పోతే పోనివ్వండి. గదుల పనివాళ్ళ జాబితాలో మీ పేరు రాయించండి. ఆరుగురి పని, ఆరుగురి జీతం, అలాగే ఉంటాయి. వంతుకి తొమ్మిది మందిమి ఉంటాం. వాటాలు తొమ్మిది. మీ కార్డు ఎక్కడికీ పోదు.

"మీకింకా తగ్గిపోతుందమ్మా" అన్నాను.

"ఆ లెక్క ఆటోలోనే అయిపోయిందండి."

"నేను మీ ఊరిదాన్ని కాను. మీ వాళ్ళనీ కాను. నేనెవరినని నాకు వాటా?"

ఈసారి మేస్త్రమ్మ కాదు, ఎప్పుడూ మాట్లాడని పెద్దావిడ మాట్లాడింది. "వల కొస పట్టుకున్నోళ్ళని ఏ ఊరని అడగమండి మేం. మీరు ఇన్నేళ్ళూ మాతో దుప్పటి కొస పట్టుకున్నారు కదండి."

పైకి చెప్పుకోలేని దిగులు ఇంకొకటి ఉంది. గదులు తుడవాలి, బాత్రూములు కడగాలి, ఇన్నాళ్ళూ నేను కేకలేసిన ఆ వరండాలో బకెట్టు పట్టుకుని నడవాలి. నా మొహం చూసి మేస్త్రమ్మ కనిపెట్టేసింది. "మీకు రాని పనేటండీ? మాకు నేర్పింది మీరే కదా. కాకపోతే ఇంక మీ మీద మేం కేకలేత్తాం" అంది. అందరూ పగలబడి నవ్వారు. నేను నవ్వుతూనే ఏడ్చాను, ఏడుస్తూనే నవ్వాను. అంత మంది ముందు నేను ఏడవడం నా ఉద్యోగ జీవితంలో అదొక్కసారే.

ఇంటికి వచ్చి మా ఆయనకి చెప్పాను. ఆయన "యూనిఫాం చీర ఏ రంగు?" అన్నారు. "మెరూన్" అన్నాను. "నీకు బాగుంటుంది" అన్నారు.

మర్నాడు మేస్త్రమ్మని వెంటబెట్టుకుని ఓనరుగారి దగ్గరికి వెళ్ళాను. సంగతి విని ఆయన, "మీరా అమ్మా? గదులా?" అన్నారు. అవునన్నాను. మేనల్లుడు ల్యాప్‌టాప్‌లో ఏదో కొట్టి చూసుకున్నాడు. "ఖర్చేం పెరగదు మావయ్యా" అన్నాడు. తర్వాత మేస్త్రమ్మ వైపు తిరిగి, "మరి మీకేంటమ్మా లాభం?" అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"ఏమీ లేదండి" అంది ఆవిడ.

ఆ కుర్రవాడు ల్యాప్‌టాప్ మూసేశాడు. అది మూయగా నేను చూడటం అదే మొదటిసారి.

టైలరుగారు ఆది జాకెట్టు తెమ్మన్నారు. నా పాత జాకెట్టు ఒకటి తీసుకెళ్ళి ఇస్తే, దాని కొలతకి మెరూన్ రంగు గుడ్డ కత్తిరించారు. ఇన్నేళ్ళూ అందరి జాకెట్లకీ నేను ఆయన పక్కన నిలబడి వంకలు పెట్టినదాన్నే. ఈసారి నోరు మూసుకున్నాను. కుట్టి చేతికిస్తూ, "కాస్త వదులుగా పెట్టానండి. వంగి లేవాలి కదా" అన్నారు. కూలి ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

మొదటి వారం నడుం విరిగింది. తుడిచేటప్పుడు గూడెం ఓనరులా ముందుకు నడవకుండా జాగ్రత్తపడ్డాను. మేస్త్రమ్మ ఇచ్చిన మాట నిలబెట్టుకుని నా మీద కేకలేసింది కూడా. అంతా బాగానే ఉందనుకునేలోగా పెళ్ళిళ్ళ ముహూర్తాలు వచ్చాయి. ఒక పెద్ద పెళ్ళివారు మా గదులన్నీ తీసుకున్నారు. ఎవరా అని చూస్తే పెంటపాడు వాళ్ళు. ఎవరో పెంటపాడు వాళ్ళు కూడా కాదు, మా పెదనాన్నగారి వైపు చుట్టాలు. ఆ గట్టు తగువు తర్వాత రాకపోకలు అంతంతమాత్రం కాబట్టి నాకు శుభలేఖ రాలేదు. ఏలూరులో నేను పెద్ద హోటల్లో పెద్ద ఆఫీసరునని మాత్రం వాళ్ళందరికీ తెలుసు. అలా అని నలుగురికీ చాటింది మా అమ్మ.

ఆ రోజు మూడో అంతస్తు నా వంతు. మేస్త్రమ్మ సంగతి కనుక్కుని, "ఇయ్యాల మీరు కింద ఉండండి, పైన నేను చేత్తాను" అంది. వద్దన్నాను. వీళ్ళందరూ తమ నోటి దగ్గర ముద్ద తీసి నాకు వాటా ఇస్తే, నా పని వచ్చేసరికి నేను దాక్కోవడం న్యాయం కాదనిపించింది. కొంగు బిగించి బకెట్టు తీసుకున్నాను.

పెళ్ళివారు స్నానాలు చేసి, నగలు పెట్టుకుని వరండాలోకి రావడం మొదలుపెట్టారు. నేను ఒక గది ముందు తుడుస్తున్నాను. వెనక అలికిడైతే చూశాను. మెట్ల మీంచి మేస్త్రమ్మ వస్తోంది, మెరూన్ చీరలో, చేతిలో బకెట్టు. ఆమె వెనక పసిబిడ్డ తల్లి. ఆమె వెనక ఇంకొకరు, ఇంకొకరు. ఆ రోజు వంతు లేనివాళ్ళు కూడా ఉన్నారు. పిలుపు లేదు, అదనపు కూలి లేదు. అందరికన్నా వెనక, లిఫ్టు పెళ్ళివారికి వదిలేసి, గోడ పట్టుకుని, మూడంతస్తుల మెట్లూ ఎక్కి పెద్దావిడ వచ్చింది. వరండా పొడుగునా తలో గది ముందు నిలబడి తుడవడం మొదలుపెట్టారు. తొమ్మిది మెరూన్ చీరలు. ఎవరైనా చూస్తే పనివాళ్ళు తుడుస్తున్నారని అనుకుంటారు, అంతే. అందులో నేనెవరో వెతికి పట్టుకోవాలి. నా చుట్టాల కళ్ళ నుంచి నన్ను దాచడానికి ఆ ఎనిమిది మంది వచ్చారు.

పిల్లలూ, నేను చాలా పెళ్ళిళ్ళు చూశాను, మంత్రులు దిగిన రోజులు చూశాను, హాలంతా పూలతో నింపేసిన అలంకరణలు చూశాను. ఆ వరండా కన్నా గొప్పది నేను మరొకటి చూడలేదు.

అయినా మా వదిన కంట్లో పడకుండా ఉంటానా! మా పెదనాన్నగారి పెద్ద కోడలు. పట్టుచీర కుచ్చిళ్ళు పట్టుకుని, తడి నేల మీద జారకుండా నడుస్తూ, నా దగ్గరికొచ్చి టక్కున ఆగిపోయింది.

"ఏంటమ్మాయ్... నువ్వేనా? ఇక్కడ ఆఫీసరువన్నారే!"

వరండాలో ఎనిమిది గుడ్డలూ ఆగిపోయాయి.

"మొన్నటిదాకా సూపర్‌వైజరునే వదినా" అన్నాను. అనుకున్నంత కష్టమనిపించలేదు. "ఇప్పుడు వీళ్ళలో ఒకదాన్ని. ఇవాళ ఈ అంతస్తు నా వంతు. చూసి నడువు, తడిగా ఉంది."

వదిన ఇంకేదో అడగబోయి, వరండా అటు చివరి దాకా చూసింది. ఎనిమిది మందీ పని ఆపి ఆమెనే చూస్తున్నారు. కోపంగా ఏమీ కాదు, ఊరికే చూస్తున్నారు. వదిన గొంతు తగ్గించి, "భోజనాల వేళకి వీళ్ళందర్నీ తీసుకుని రా. పిలవలేదనకు, ఇదే పిలుపు" అని కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వెళ్ళిపోయింది.

వెళ్ళాం, తొమ్మిది మందిమీ, పని ముగించుకుని. పనివాళ్ళ బంతిలో కాదు, చుట్టాల బంతిలో కూర్చున్నాం. వదిన స్వయంగా నిలబడి వడ్డన చేయించింది. గట్టు విషయం ఎవరూ ఎత్తలేదు.

అలా గదులు తుడుస్తూనే రిటైరయ్యాను. సభ లేదు, శాలువా లేదు. టైలరుగారు ఒక కుట్టు చేతిసంచి ఇచ్చారు, మెరూన్ గుడ్డతోనే. మా ఆయన మందులకి ఒక్క నెల కూడా తప్పలేదు. ఇప్పటికీ పొద్దున్నే లేచి కాలువగట్టు దాకా నడిచొస్తారు. ఆ నడకలో ప్రతి అడుగూ ఎవరెవరి వాటాల్లోంచి వచ్చిందో ఆయనకీ నాకూ తెలుసు.

హోటల్‌తో ఇక సంబంధం తెగింది, వాటాల్లోంచి నా పేరు పోయి ఉంటుందిలే అనుకున్నాను. ఈ మధ్య ఒక ఉదయం మా గుమ్మం ముందు ఆటో ఆగింది. పనికి వెళ్తూ దారి మళ్ళించుకుని వచ్చారు. మేస్త్రమ్మ దిగి, తడి సంచి ఒకటి నా చేతిలో పెట్టింది. ఊళ్ళో పట్టుబడి అయిందట. తమ ఎనిమిది గడపలకి వచ్చిన చేపల్ని ఒక చోట పోసి మళ్ళీ పంచుకున్నారట.

"చేప కాస్త చిన్నదేనండి, ఏమీ అనుకోకండి" అంది ఆటో ఎక్కుతూ. "ఎనిమిదిని తొమ్మిది చేశాం కదండీ."